బాబుకు కోపం, పాపకు బెంగ

ప్రశ్న: మేము నిజాంపేటలో ఉంటాము. బాబుకు నాలుగేళ్ళు దాటాయి, ఎల్‌కేజీ చదువుతున్నాడు. పాపకు రెండున్నరేళ్ళు. నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేసి ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అంతవరకూ పిల్లలను మా అత్తగారే చూసుకుంటారు. పోయిన నెలలో బాబు బడిలో ఇద్దరు పిల్లలను కొరికాడు. ‘వాడికి ఏమనిపిస్తోందో చెప్పడం రావడం లేదు, ఇంట్లో ఎమోషన్స్ గురించి మాట్లాడండి’ అని టీచరు అన్నారు. ఫోనులో వీడియోలు చూసి ‘ఐ కెన్ సీ యూ ఆర్ యాంగ్రీ’ వంటి వాక్యాలు నేర్చుకుని వాడితో అంటే, వాడు నా ముఖంకేసి వింతగా చూశాడు. అత్తగారేమో ‘మొగపోరనివి, గట్ల ఏడుస్తవేందిరా’ అంటారు. ఈ మధ్య నన్ను నేను గమనించుకున్నాను. పాప ఏడిస్తే ‘ఎందుకమ్మా బెంగ?’ అని ఒళ్ళోకి తీసుకుంటున్నాను, బాబు ఏడిస్తే ‘కోపమొచ్చిందా? సరే, ఇక చాలు’ అంటున్నాను. నా చిన్నప్పుడు మా అమ్మ ఏనాడూ నా మనసులో ఏముందని అడగలేదు. కొన్ని రాత్రులు వాడి ఏడుపు వింటూ అలాగే కూర్చుండిపోతాను, నాకేమీ అనిపించదు. లోపం నాలోనే ఉందా?
– ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఒక్కచోట చాలాసేపు ఆగిపోయాను. పాపకు ‘బెంగ’ అనీ బాబుకు ‘కోపం’ అనీ మీ నోట రెండు వేర్వేరు మాటలు వస్తున్నాయని మీకై మీరే పట్టుకున్నారు. పిల్లలు పెళ్ళిళ్ళకు వచ్చాక కూడా ఈ తేడాను గమనించని తల్లులను నేను చూశాను. అందుకని నా సమాధానం అక్కడినుంచే మొదలుపెడతాను.

ఈ తేడా మీ ఒక్క ఇంటిది కాదు. ఇంగ్లండులో జూడీ డన్, ఇంగే బ్రెథర్టన్, పెన్నీ మన్ అనే ముగ్గురు పరిశోధకులు 43 కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి, తల్లులూ పిల్లలూ మామూలుగా మాట్లాడుకునే మాటలను గమనించి 1987లో ఒక పత్రం ప్రచురించారు. పిల్లలకు ఏడాదిన్నర వయసున్నప్పటికే తల్లులు కొడుకులతో కంటే కూతుళ్ళతో ఎక్కువగా మనసుకు సంబంధించిన మాటలు మాట్లాడుతున్నారని అందులో తేలింది. రెండేళ్ళు వచ్చేసరికి ఆ మాటలను తామై వాడడంలోనూ ఆడపిల్లలే ముందున్నారు. అమెరికాలో రాబిన్ ఫైవుష్ అనే పరిశోధకురాలు 1989లో ప్రచురించిన పరిశీలనలో, రెండున్నర, మూడేళ్ళ పిల్లలతో జరిగిపోయిన సంగతులు ముచ్చటించేటప్పుడు తల్లులు కొడుకులతో కోపం గురించి మాట్లాడారు గాని కూతుళ్ళతో ఆ ఊసే ఎత్తలేదు. తరువాతి పరిశీలనలు కొన్నింటిలో, దుఃఖం గురించిన మాటలు కూతుళ్ళ వైపు ఎక్కువగా మొగ్గాయి. ఆ తరువాత జరిగిన పరిశోధనలన్నిటిలోనూ ఈ తేడా ఒకే స్థాయిలో కనబడలేదన్నది నిజమే. కానీ కనబడిన చోట్ల ఆ తల్లులు కావాలని అలా మాట్లాడారని గాని, కొడుకుల మీద ప్రేమ తక్కువై మాట్లాడారని గాని నేననుకోను.

ఇప్పుడు మీ బాబు వైపు నుంచి చూడండి. వాడికి ఏడాదిన్నర దాటిందో లేదో చెల్లెలు వచ్చి అమ్మ ఒడిలో కూర్చుంది. ఈ ఏడాది బడి మొదలైంది, అక్కడ వాడికి పూర్తిగా తెలియని భాషలో రోజంతా గడపాలి. సాయంత్రం ఇంటికి వస్తే అమ్మ ఉండదు. వీటిలో కొన్నిటికి బెంగ కలుగుతుంది, కొన్నిటికి బెరుకు, కొన్నిటికి ఉక్రోషం. వాడికి మాత్రం ఇంట్లో ఇన్నిటికీ కలిపి అందిన పేరు ఒక్కటే, కోపం. బెంగపడ్డ పిల్లవాడికి ‘నీకు కోపమొచ్చింది’ అని పదేపదే చెబితే, వాడు కోపమొచ్చినవాళ్ళు చేసే పనే చేస్తాడు. బడిలో జరిగినదానికి కారణం ఇదేనని ఒక ఉత్తరం చదివి నేను తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. కాని వెతకవలసిన చోటు ఇదని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తోంది.

లోపం మీలోనే ఉందా అని అడిగారు. ఒక తల్లి పిల్లవాడి ఏడుపుకు ఏ మాట బదులిస్తుందన్నది ఆమె మంచితనాన్ని బట్టి మాత్రమే ఉండదు. తాను పెరిగిన ఇల్లు, ఆ క్షణాన పక్కన ఉన్న మనుషులు, ఆ పూట ఒంట్లో మిగిలిన ఓపిక, పిల్లవాడి స్వభావం, వాడికి వచ్చిన మాటలు, తాను ఏ భాషలో ఆలోచిస్తుందన్నది, ఇవన్నీ కలిసి ఆ ఒక్క మాటను తయారు చేస్తాయి. ఇందులో కొన్ని మీ చేతిలో లేవు. ఉన్నవాటి గురించే ఎక్కువగా రాస్తాను.

ముందుగా మీ అమ్మగారి సంగతి. జాన్ గాట్‌మన్ బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిదండ్రులు పిల్లల కోపతాపాలకు ఎలా స్పందిస్తారన్నది, అసలు కోపం గురించీ దుఃఖం గురించీ వాళ్ళకు ఉన్న అభిప్రాయంతో ముడిపడి ఉంటుందని చూపించారు. దుఃఖాన్ని త్వరగా దాటేయవలసిన ప్రమాదంగా చూసే తల్లి ‘ఏం కాలేదు, ఏం కాలేదు’ అంటుంది. దుఃఖం పిల్లవాడికి దగ్గరయ్యే అవకాశమని నమ్మే తల్లి ‘ఏమైంది?’ అంటుంది. మన అమ్మల తరంలో చాలామంది మొదటి అభిప్రాయంతోనే బతికారు, దానికి కారణాలూ ఉన్నాయి. ఇంటెడు చాకిరీ, చుట్టూ పదిమంది పెద్దలు, తన కన్నీళ్ళను కూడా వంటింట్లో కొంగుతో తుడుచుకోవలసిన రోజులు. మీ మనసులో ఏముందని ఆమె అడగకపోయి ఉండవచ్చు. ‘అన్నం తిన్నావా?’ అని మాత్రం అడిగే ఉంటారు. మన ఇళ్ళలో ఆ ప్రశ్న చాలాసార్లు కడుపు గురించినది కాదని మీకూ తెలుసు. అయితే నాలుగేళ్ళవాడికి ఆ లోపలి అర్థం అందదు, వాడికి పైకి చెప్పిన మాటే కావాలి.

ఇక్కడ మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన గుర్తుకొస్తోంది. వైశాలి రావల్, తాన్యా మార్టిని గుజరాత్‌లో రెండు వర్గాల తల్లులను పరిశీలించి 2009లో ప్రచురించిన పత్రంలో, పిల్లల ఒంటి నొప్పిని ఒప్పుకున్నంత సులువుగా వాళ్ళ కోపాన్నీ దుఃఖాన్నీ తల్లులు ఒప్పుకోలేదని రాశారు. హైదరాబాదులో నా దగ్గరకు వచ్చే తల్లులు తరచు చెప్పే మాట దీనికి దగ్గరగానే ఉంటుంది: ‘సోమవారం పొద్దున్న కడుపునొప్పి అంటాడండీ, డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నారు.’ నొప్పికి పలికే ఇంట్లో దిగులు కూడా నొప్పి వేషం వేసుకుని వస్తుంది. వాడు అబద్ధమాడుతున్నాడని అనకండి. డాక్టరు చూసి ఏమీ లేదన్న తరువాత, ‘పొట్టలో నొప్పా, బడికి వెళ్ళాలంటే దిగులుగా ఉందా, రెండూనా?’ అని అడిగి చూడండి.

అలాగని పిల్లలతో మాట్లాడే పద్ధతి లోకమంతటా ఒకటే ఉండాలని నేననను. నేపాల్‌లో పమేలా కోల్ బృందం 2006లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, బ్రాహ్మణ కుటుంబాల పెద్దలు కోపమొచ్చిన పిల్లవాడిని బుజ్జగించి నచ్చజెప్పి, సిగ్గుపడిన పిల్లవాడిని పట్టించుకోలేదు. తమాంగ్ అనే మరో వర్గపు కుటుంబాలవారు కోపాన్ని మందలించి, సిగ్గుపడిన పిల్లవాడిని దగ్గరకు తీసుకున్నారు. రెండు చోట్లా పిల్లలు తమ సమాజానికి తగినట్టే పెరుగుతున్నారు. మీరు వీడియోలలో చూసిన పద్ధతి కూడా ఒక సమాజానిదే. అందులోంచి పనికొచ్చేది తీసుకోవచ్చు, కాని దానితో కొలుచుకుని మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోనక్కరలేదు.

ఆ ఇంగ్లీషు వాక్యం విని బాబు వింతగా చూశాడంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. కేథరిన్ హారిస్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, టర్కిష్ మాతృభాషగా ఉండి తరువాత ఇంగ్లీషు నేర్చుకున్నవారికి రెండు భాషలలోనూ మాటలు వినిపిస్తూ, మనసు కదిలినప్పుడు చర్మంలో కలిగే మార్పును కొలిచారు. చిన్నప్పుడు పెద్దలు మందలించే మాటలు టర్కిష్‌లో విన్నప్పుడు శరీరం స్పందించినంతగా, అవే మాటలు ఇంగ్లీషులో విన్నప్పుడు స్పందించలేదు. మీకు కోపం వచ్చేదీ జాలి కలిగేదీ తెలుగులోనే అయినప్పుడు, ఓదార్పు మాత్రం నేర్చుకున్న ఇంగ్లీషులో పలికితే మీ గొంతు మారిపోతుంది. పిల్లలు మాటకంటే ముందు గొంతునే వింటారు.

పైగా ఈ విషయంలో మన భాష ఎంత కలిగినదో ఒక్కసారి తలుచుకోండి. అలక ఉంది. అది కోపం కాదు, ప్రేమ ఉన్నచోటే పుట్టి, ఎవరైనా వచ్చి బతిమాలాలని ఎదురుచూస్తుంది. ఆటలో ఓడిపోయి చేసేదేమీ లేక కళ్ళలో నీళ్ళు తిరిగే కోపం ఉక్రోషం. దగ్గరివాళ్ళు దూరమైనప్పుడు అన్నం సయించకుండా చేసేది బెంగ, కారణం చెప్పలేని బరువు దిగులు. కొత్తవాళ్ళ ముందు బెరుకు, చీకట్లోకి వెళ్ళాలంటే జంకు, చెల్లెలికి కొత్త గౌను కొంటే కుళ్ళు. ‘శాడ్’, ‘యాంగ్రీ’, ‘హ్యాపీ’ అనే మూడు మాటలతో ఎల్‌కేజీ గోడ మీద బొమ్మలు అతికించి ఉండవచ్చు, కాని అలకకూ ఉక్రోషానికీ మధ్య ఉన్న తేడా తెలిసిన పిల్లవాడికి తన లోపలి సంగతి చాలా స్పష్టంగా తెలుస్తుంది. బాబు మూల కూర్చుని మూతి ముడిచినప్పుడు ‘అలిగావా?’ అని అడగండి, ‘కోపమా?’ అని కాదు. అలిగినవాడికి ఏం కావాలో మీకూ తెలుసు, వాడికీ తెలుసు.

అత్తగారి గురించి మీరు ఫిర్యాదుగా రాయలేదు, అది మీ మర్యాద. నేను పిల్లలను చూసే గదిలో ఒకసారి మూడేళ్ళ బాబు కుర్చీ మీదినుంచి జారిపడి ఏడుపు లంకించుకున్నాడు. వెంటవచ్చిన అమ్మమ్మ గబుక్కున లేచి నేలను రెండు దెబ్బలు వేసి, ‘చూడు, చీమ చచ్చిపోయింది!’ అంది. ఏడుపు ఆగింది. వాడు మోకాళ్ళ మీద వంగి కుర్చీ కింద చీమ కోసం కాసేపు వెతికాడు, అది కనబడకపోయేసరికి లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తన మోచేతిని తల్లి ముఖం ముందు పెట్టాడు. అక్కడ ఎర్రగా కమిలి ఉంది. అమ్మమ్మ చేసినది తప్పని నేననను, ఆవిడ వాడి ఏడుపును ఆపింది. మోచెయ్యి మాత్రం ఇంకా నొప్పిగానే ఉంది, దానిని చూసే మనిషి ఒకరు వాడికి కావలసి వచ్చారు. మీ ఇంట్లోనూ పని ఇలా పంచుకోవచ్చు: చీమను అత్తగారు చంపుతారు, మోచెయ్యి మీరు చూస్తారు.

రెండు విషయాలలో మాత్రం మెత్తగానైనా గట్టిగా నిలబడండి. బూచాడికి ఇచ్చేస్తామనీ పోలీసుకు పట్టిస్తామనీ భయపెట్టడం ఒకటి, నలుగురి ముందు ‘షేమ్ షేమ్’ అని నవ్వడం రెండోది. ‘మొగపోరనివి’ అన్న మాటకు ఎదురు చెప్పకండి. వాదన పెరిగితే బాబుకు తన ఏడుపు వల్లనే ఇంట్లో గొడవ జరిగిందని అర్థమవుతుంది. దానికి బదులు ఏదో ఒక సాయంత్రం తీరికగా, ‘అత్తయ్యా, వీళ్ళ నాన్న చిన్నప్పుడు ఎప్పుడైనా మీ మీద బెంగ పెట్టుకున్నాడా?’ అని పిల్లల ముందే అడగండి. కొడుకును మొదటిసారి బడిలో దింపిన రోజో, పుట్టింటికి వెళ్తూ వదిలి వెళ్ళిన రోజో ఆవిడకు తప్పక గుర్తుంటుంది. నాన్న కూడా ఏడ్చాడని నానమ్మ నోటినుంచి వినడం మీ బాబుకు నా సలహాలన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది. మీవారు కూడా ‘ఇవాళ ఆఫీసులో నాకు చాలా చిన్నతనంగా అనిపించింది’ అని వాడికి వినబడేలా ఒక్క మాట అంటే మంచిది. మగవాళ్ళకు ఇలాంటివి ఉంటాయని మగవాడి నోటినుంచే తెలియాలి.

ఇక వేళ సంగతి. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి, కుక్కరు పెట్టి, ఒక చేత్తో పాపను ఎత్తుకున్నప్పుడు బాబు ఏడుపు మొదలుపెడితే, ఆ క్షణంలో మనసు గురించిన సంభాషణ ఎవరికీ సాధ్యం కాదు. గొంతెత్తి ఏడుస్తున్న పిల్లవాడి తలకెక్కదు కూడా. అప్పుడు దగ్గరకు లాక్కుని, ‘అమ్మ ఇక్కడే ఉంది’ అన్న ఒక్క మాట చాలు. అసలు మాట్లాడవలసిన వేళ తరువాత వస్తుంది, నిద్రకు ముందో మర్నాడో ఆదివారమో. జరిగిపోయిన సంగతిని నెమ్మదిగా తిరిగి చెప్పుకుంటున్నప్పుడే పిల్లలకు ఎందుకలా అనిపించిందో అర్థమవుతుందని, తల్లులకు ఈ రకమైన ముచ్చట్లు నేర్పి చూసిన పరిశోధకులు గమనించారు.

కొరికిన సంగతితో మొదలుపెట్టవద్దు, అది విచారణలా ఉంటుంది. దానికంటే చిన్న కష్టాన్ని ఎంచుకోండి. వాడి బెలూను ఎప్పుడో నెక్లెస్ రోడ్డులో చేయి జారి హుస్సేన్‌సాగర్ మీదుగా ఎగిరిపోయి ఉంటుంది అనుకుందాం.

‘ఆ రోజు బెలూను ఎగిరిపోయింది, గుర్తుందా?’
‘ఎర్రది.’
‘అవును, ఎర్రది. అది పోతుంటే నీకేమనిపించింది?’
‘నాన్న పట్టుకోలేదు.’
‘నాన్న పట్టుకోలేదని ఉక్రోషం వచ్చిందా, బెలూను పోయిందని బెంగేసిందా?’
‘అది ఒక్కతే పోయింది.’

ఇక్కడ మీరు ఆగిపోవాలి. ‘ఒక్కతే పోయింది’ అన్నప్పుడు వాడు చెప్పవలసినదంతా చెప్పేశాడు. దానికి పాఠం జోడించకండి. ‘అందుకే గట్టిగా పట్టుకోవాలి’ అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది, దానిని మింగేయండి. ఇంకో సంగతి, పేర్లన్నీ మీరే చెప్పేయకుండా వాడిని అడగండి. సీలియా బ్రౌనెల్ బృందం ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లలతో చేసి 2013లో ప్రచురించిన పరిశీలనలో, బొమ్మల పుస్తకం చూస్తూ తల్లిదండ్రులు తామే వివరించిన ఇళ్ళలో కాక, ‘ఈ పాపకు ఏమనిపిస్తోంది? ఎందుకు?’ అని పిల్లల చేత చెప్పించిన ఇళ్ళలోని పిల్లలే ఎదుటివారికి సాయం చేయడంలో, ఉన్నది పంచుకోవడంలో ముందున్నారు. వాడు తప్పు పేరు చెప్పినా దిద్దకండి. మీ పాపతో కూడా ఇప్పటినుంచే ఇలా మాట్లాడండి, అందులో ‘కోపం’ అన్న మాటకు చోటివ్వండి. అన్నకు బెంగ ఎంత అవసరమో ఆమెకు కోపం అంత అవసరం.

కొరకడం మాత్రం వెంటనే ఆపవలసిన పని. ‘ఉక్రోషం రావచ్చు, కొరకకూడదు’ అని రెండు ముక్కలుగా, గొంతు పెంచకుండా, ప్రతిసారీ అవే మాటలలో చెప్పండి. నాలుగేళ్ళు దాటినా వాడు మామూలు సంగతులు కూడా చిన్న చిన్న వాక్యాలలో చెప్పలేకపోతుంటే, పిలిస్తే పలకడం తక్కువగా ఉంటే, పిల్లల డాక్టరు చేత ఒకసారి వినికిడీ మాటల ఎదుగుదలా పరీక్ష చేయించండి.

చివరిగా, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతికి వస్తాను. కొన్ని రాత్రులు వాడి ఏడుపు వింటూ కూర్చుంటానని, ఏమీ అనిపించదని రాశారు. అది కేవలం అలసట కావచ్చు. కాని వారాల తరబడి అలాగే ఉంటే, నిద్రపట్టకపోయినా, ఇష్టమైన వాటి మీద మనసు పోకపోయినా, దానిని కుంగుబాటుగా అనుమానించి డాక్టరుతో మాట్లాడాలి. ప్రసవానంతర కుంగుబాటు మన దేశపు తల్లులలో సుమారు 22 శాతం మందికి ఉంటుందని, అనేక అధ్యయనాలను కలిపి లెక్కించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. పాప పుట్టి రెండున్నరేళ్ళయింది కదా అని కొట్టిపారేయకండి, చికిత్స అందకపోతే అది చాలాకాలం నిలిచిపోవచ్చు. కుంగుబాటులో ఉన్న తల్లి పిల్లలతో తక్కువగా మాట్లాడుతుంది, ముఖంలో కదలిక తగ్గుతుంది, పిల్లవాడు పిలిచినప్పుడు పలకడం ఆలస్యమవుతుంది. ఇవి జబ్బు లక్షణాలు. ఏ వీడియోలు చూసినా ఇవి పోవు, వైద్యంతో తగ్గుతాయి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ ఉత్తరంలో మీరు ముందుగా చేయవలసిన పని ఏదని అడిగితే నేను దీనినే చూపిస్తాను. చనిపోవాలనో పిల్లలను ఏమైనా చేసేస్తానేమోననో ఆలోచన వస్తే మాత్రం ఆ రాత్రే ఫోను చేయండి, మీవారిని లేపండి.

టీచరుగారిని కూడా ఒకసారి కలవండి. కొరకడానికి ముందు ప్రతిసారీ ఏం జరిగిందో, అది రోజులో ఏ వేళో, అప్పుడు ఎవరు పక్కన ఉన్నారో రాసిపెట్టమని అడగండి. బాబు ఇంట్లో వాడే మాటలను తెలుగులోనే ఒక కాగితం మీద రాసి ఆవిడకు ఇవ్వండి: బెంగ, అలక, ఉక్రోషం, బెరుకు. వాడు ఏదో ఒక రోజు తరగతిలో ‘టీచర్, బెంగగా ఉంది’ అంటాడు. అప్పుడు ఆవిడకు ఆ మాట అర్థం కావాలి.